ఎప్పుడు ఆగుతోంది?

గేమ్ సరిగా నడవడం లేదని ఎవరైనా నా దగ్గరికి వస్తే గ్రాఫిక్స్ కార్డు పేరు తర్వాత అడుగుతాను. ముందు అడిగేది ఎప్పుడు ఆగుతోందని. మొదటి నుంచీ నెమ్మదిగానే ఉందా, బాగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారి బిగుసుకుపోతోందా, అరగంట బాగానే ఆడాక నీరసిస్తోందా? వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంజనీరింగ్ చదివే పిల్లలు. వాళ్లు ఈ ప్రశ్నకు సిద్ధపడి రారు. "అంకుల్, కార్డు మార్చాల్సిందేనంటారా?" అంటూ వస్తారు. మంచి కార్డు అంటే చాలా ఇళ్లలో నాన్న నెల జీతం. అంత డబ్బు చేతులు మారేలోపు లోపం ఎక్కడుందో తెలియాలి. ఈ పని మీద నాకు ఇంత పట్టింపు అందుకే.

అరగంట తర్వాత నీరసించే మెషీన్లే నాకు ఎక్కువగా తగులుతాయి. ప్రాసెసరైనా గ్రాఫిక్స్ చిప్ అయినా వేడి ఒక హద్దుకు చేరేసరికి తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఆ హద్దు 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఫ్యాన్ చేసేదల్లా గదిలోని గాలిని లాగి హీట్‌సింక్ మీదుగా బయటికి తోయడం. కాబట్టి చిప్ ఎంత చల్లబడుతుందనేది ఆ గాలి ఎంత చల్లగా ఉందన్నదాని మీదే ఆధారపడుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే మే నెలలో బెజవాడలో మేడమీది గదిలో 40 ఉంటుంది. ఆ 15 డిగ్రీలూ ఇంచుమించు అలాగే చిప్ వేడికి కలుస్తాయి. సంక్రాంతి సెలవుల్లో హాయిగా నడిచిన గేమ్ వేసవి సెలవుల్లో కుంటడానికి అదే కారణం. పైగా మంచం మీద, పరుపు మీద పెట్టుకుని ఆడతారు. అడుగున గాలి పీల్చుకునే సందులన్నీ మూసుకుపోతాయి.

దీన్ని ఊహించనక్కర్లేదు, చూడొచ్చు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే ఆడుతుండగానే స్క్రీన్ మూలన వేడి, క్లాక్ స్పీడు, ఫ్రేముల లెక్క కనిపిస్తాయి. వేడి హద్దు దగ్గర ఆగిపోయి, అదే సమయంలో క్లాక్ పడిపోతుంటే ఇక వాదన లేదు. లోపలి దుమ్ము దులిపించి, థర్మల్ పేస్ట్ మార్పించి, ల్యాప్‌టాప్ వెనక భాగాన్ని కాస్త ఎత్తులో పెడితే చాలాసార్లు అక్కడితో సరి. కొందరు చార్జర్ పెట్టకుండా ఆడుతుంటారు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు గేమింగ్ ల్యాప్‌టాప్ తన పూర్తి శక్తి ఇవ్వదు. అదీ ఒకసారి చూసుకోవాలి.

రెండో రకం నాకు చాలా ఇష్టమైనది. బాగా నడుస్తూ ఒక్కసారి బిగుసుకుపోవడం. పిల్లలు మూలనున్న అంకె చూపించి "60 వస్తోందండీ, అయినా ఆగుతోంది" అంటారు. వాళ్ల మాట నిజమే, ఆ అంకె అసలు విషయం చెప్పదు. సెకనుకు 60 ఫ్రేములు సాఫీగా రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ఇప్పుడు ఒక సెకనులో 59 ఫ్రేములు తలా 13 మిల్లీసెకన్లలో వచ్చేసి, మిగిలిన ఒక్కటీ 233 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. మొత్తం కలిపితే సరిగ్గా ఒక సెకను, 60 ఫ్రేములు. లెక్క తప్పలేదు. కానీ ఆడేవాడి కళ్లముందు దాదాపు పావు సెకను బొమ్మ నిలిచిపోయింది, ఆ పావు సెకనులోనే ఎదుటివాడు కాల్చేశాడు.

2011లో అమెరికాలో ద టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్ కోసం స్కాట్ వాసన్ 'ఇన్‌సైడ్ ద సెకండ్' అనే వ్యాసం రాశారు. సగటు ఫ్రేములు లెక్కపెట్టడం చాలదు, ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం పట్టిందో గీసి చూడాలని అందులో వాదించారు. కార్డుల సమీక్షలు రాసే తీరే ఆ తర్వాత మారింది. ఇవాళ ఏ సమీక్ష తీసుకున్నా సగటుతో పాటు అతి నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల సంగతి విడిగా వేస్తారు. నేనూ పిల్లలకు ముందు ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ పెట్టుకోమనే చెబుతాను. గీత చదునుగా ఉంటే 40 ఫ్రేములతోనూ హాయిగా ఆడొచ్చు. మధ్యమధ్య ముల్లులా పైకి లేస్తుంటే 90 వచ్చినా చిరాకే.

ఆ ముళ్లు ఎక్కడ లేస్తున్నాయో గమనిస్తే సగం పని అయినట్టే. కొత్త చోటికి వెళ్లినప్పుడు, కొత్త ఆయుధం మొదటిసారి పేలినప్పుడు ఆగి, రెండోసారి అదే చోట ఆగకపోతే అది షేడర్ల పని. తెర మీద వెలుగూ నీడా నీళ్ల మెరుపూ ఎలా గీయాలో చెప్పే చిన్న ప్రోగ్రాములే షేడర్లు. ప్లేస్టేషన్ 5లో ఒక మోడల్ మెషీన్లు అన్నింటిలో ఒకే రకం చిప్ ఉంటుంది కాబట్టి షేడర్లను ముందే దానికి తగ్గట్టు కంపైల్ చేసి డిస్కులో ఇచ్చేయొచ్చు. పీసీల్లో ఎవరి దగ్గర ఏ కార్డు, ఏ డ్రైవర్ ఉంటుందో తయారుచేసేవాళ్లకు తెలియదు. అందుకే ఆ పని మన మెషీన్ మీదే జరగాలి. ముందుగా జరిగితే 'కంపైలింగ్ షేడర్స్' అంటూ మొదట్లోనే ఒక గీత నెమ్మదిగా నిండుతుంది. ఆడుతుండగా జరిగితే బొమ్మ ఆగుతుంది. ఆ గీత నిండేదాకా ఓపిక పట్టలేక దాటవేసే పిల్లలున్నారు. దయచేసి ఆగండి. కొత్త డ్రైవర్ వేసుకున్నాక ఈ పని మళ్లీ మొదటికి రావచ్చు, అందుకే డ్రైవర్ మార్చిన మొదటి రోజు ఆటను బట్టి ఆ డ్రైవర్ మంచిదో కాదో తేల్చకూడదు.

ఇక మొదటి నుంచీ నెమ్మదిగా ఉండే రకం. ఇక్కడ తేల్చుకోవాల్సింది ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారన్నది. ప్రతి ఫ్రేముకూ ఎవరు ఎక్కడున్నారు, ఏం గీయాలి అని ప్రాసెసర్ లెక్కకట్టి చెబుతుంది. గ్రాఫిక్స్ చిప్ గీస్తుంది. వంటామె సిద్ధంగా ఉన్నా కూరగాయలు తరిగే మనిషి ఆలస్యం చేస్తే భోజనం ఆలస్యమే. ఇద్దరిలో ఎవరు వెనకబడ్డారో కనుక్కోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఫ్రేములకు హద్దు పెట్టే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ తీసేసి, రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించండి. గీయాల్సిన చుక్కలు సగానికంటే తక్కువకు పడిపోతాయి. ప్రాసెసర్ పని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఫ్రేములు బాగా పెరిగాయా, భారమంతా కార్డు మీద ఉన్నట్టు. కదలకుండా అక్కడే ఉన్నాయా, ఎంత ఖరీదైన కొత్త కార్డు పెట్టినా ఆ గేమ్‌లో ఒరిగేదేమీ లేదు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎంతమంది కార్డు కొనేశారో తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

దానికంటే ముందు చూడాల్సిన చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో సాధారణంగా రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి, ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న చిన్నది, విడిగా ఉన్న పెద్దది. ఒక్కోసారి గేమ్ చిన్నదాని మీద నడుస్తూ పెద్దది ఖాళీగా కూర్చుంటుంది. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఆ గేమ్‌కు 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకుంటే చాలు. డెస్క్‌టాప్ అయితే మానిటర్ కేబుల్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు గుచ్చారేమో వెనక్కి వంగి చూడాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పీసీ కట్టించుకునేవాళ్లకు నేనిచ్చే సలహా, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కుగా కాకుండా 8 జీబీవి రెండు వేయించుకోమని. రెండు చానళ్ల మీద నడిచే ర్యామ్ ప్రాసెసర్‌కు డేటాను వేగంగా అందిస్తుంది, విడిగా కార్డు లేని పీసీల్లో ఆ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆన్‌లైన్ గేమ్‌లో మీ మనిషి సాఫీగా కదులుతూ, ఎదుటివాళ్లు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంటే అది ఇంటర్నెట్ సంగతి. కార్డు జోలికి పోనక్కర్లేదు.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. యూట్యూబ్‌లో 'ఎఫ్‌పీఎస్ బూస్ట్' వీడియో చూసి రిజిస్ట్రీలో పది, సర్వీసుల్లో ఇరవై ఒకేసారి మార్చేసి వచ్చిన మెషీన్ల దగ్గర నేను ముందు ఆ మార్పులన్నీ వెనక్కి తిప్పుతాను. ఏ మార్పు మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో లేకపోతే ఎలా తెలుస్తుంది? ఒకే సేవ్ నుంచి మొదలుపెట్టి, ఒకే వీధిలో, ఒకే దిక్కు చూస్తూ నడవాలి. కొలవాలి, నోట్‌బుక్‌లో రాసుకోవాలి, ఒకటి మార్చాలి, మళ్లీ అదే వీధిలో నడవాలి. విసుగు పుట్టే పనే. కానీ ఆ నోట్‌బుక్ పేజీ ముందు పెట్టుకుని కూర్చున్న కుర్రాడి మాటల్లో తేడా నాకు వెంటనే తెలుస్తుంది. "అనిపిస్తోందండీ" అనడం మానేస్తాడు.

ఈ ఓపికకు నేను పిల్లలకు చెప్పే ఉదాహరణ జీటీఏ ఆన్‌లైన్ అనే గేమ్. పీసీలో అది తెరుచుకోవడానికి నిమిషాల తరబడి పట్టేది. ఏళ్లపాటు అందరూ తిట్టుకుంటూ ఎదురుచూశారు. 2021 ఫిబ్రవరిలో టీ0ఎస్‌టీ అనే పేరుతో రాసే ఒక ప్రోగ్రామర్ ఆ నిమిషాల్లో మెషీన్ ఏం చేస్తోందో చూశాడు. డిస్కు ఖాళీ, నెట్‌వర్క్ ఖాళీ, గ్రాఫిక్స్ కార్డు ఖాళీ. ప్రాసెసర్‌లో ఒకే ఒక్క కోర్ మాత్రం నిండుగా పనిచేస్తోంది. లోపలికి వెళ్లి చూస్తే, గేమ్‌లో కొనుక్కునే వస్తువుల జాబితా, దాదాపు 63,000 పద్దులున్న 10 ఎంబీ ఫైలు. ఒక్కో ముక్క చదివిన ప్రతిసారీ గేమ్ మిగతా ఫైలు పొడవంతా మళ్లీ కొలుస్తోంది. ఆపైన ప్రతి వస్తువునూ అంతకుముందు చేర్చిన వాటన్నిటితో పోల్చి చూస్తోంది. ఆ పోలికలే దాదాపు 200 కోట్లు. ఆ రెండూ సరిచేసుకున్నాక అతని మెషీన్‌లో ఆరు నిమిషాల ఎదురుచూపు రెండు నిమిషాలలోపుకు దిగింది. ఆ గేమ్ తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ అది నిజమేనని ఒప్పుకుని, 10,000 డాలర్ల బహుమతి ఇచ్చి, మార్చిలో అప్‌డేట్ విడుదల చేసింది. అన్నేళ్లలో ఆ ఎదురుచూపు తప్పించుకుందామని కొత్త ప్రాసెసర్లు కొన్నవాళ్లు ఎందరో ఉండే ఉంటారు.

కాబట్టి లోపం గేమ్‌లోనే ఉండే అవకాశాన్ని మరిచిపోకూడదు. 2015 జూన్‌లో విడుదలైన బ్యాట్‌మాన్: ఆర్ఖమ్ నైట్ పీసీ వెర్షన్ ఎంత అధ్వానంగా నడిచిందంటే, రోజుల్లోనే వార్నర్ బ్రదర్స్ దాని అమ్మకం ఆపేసింది. మళ్లీ అమ్మకానికి వచ్చింది అక్టోబర్ చివర్లో. అలాంటప్పుడు ఇంట్లో కూర్చుని చేయగలిగింది తక్కువ. నీడలు, వాల్యూమెట్రిక్ పొగమంచు, రే ట్రేసింగ్ ముందు తగ్గించాలి, కార్డు మీద పెద్ద భారం వాటిదే. టెక్స్చర్లు వేగం కంటే కార్డు మెమరీని బట్టి ఎంచుకోవాలి. ఆ మెమరీ చాలినంత కాలం హైలో పెట్టినా నష్టం లేదు, చాలకపోతే మాత్రం ముళ్లు లేస్తాయి. ఆపైన తయారుచేసినవాళ్లకు రాయాలి.

ఎలా రాయాలన్నది కూడా నేర్చుకోవాల్సిందే. మా వీధిలో బీటెక్ మూడో ఏడు చదివే కుర్రాడు ఈమధ్య రాసినది చూసి నాకు చాలా సంతోషం కలిగింది. ప్రాసెసర్, కార్డు, ర్యామ్, డ్రైవర్ వెర్షన్ పైన పెట్టాడు. ఏ సేవ్, కోట గుమ్మం దగ్గర ఏ వైపు తిరిగితే ఆగుతోందో రాశాడు. వేడి మామూలుగానే ఉందని, రిజల్యూషన్ తగ్గించినా మారలేదని, పాత డ్రైవర్ మీదా అంతేనని, నీడలు హై నుంచి మీడియంకు దించితే మాత్రం పోతోందని రాసి రెండు గ్రాఫ్‌లూ జతచేశాడు. తిట్టు ఒక్కటీ లేదు. సేవ్ ఫైలు పంపమని జవాబు వచ్చింది, పంపాడు. అప్‌డేట్ వచ్చేదాకా నీడలు మీడియంలో పెట్టుకుని ఆడుతున్నాడు, కార్డు పాతదే.