బైకు దగ్గరే ఆగిపోతున్న నాన్న

ప్రతి నెలా తొమ్మిదో తారీఖున మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దగ్గర గర్భిణుల సందడి ఉంటుంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఆ రోజు ఉచితంగా పరీక్షలు చేస్తారు. వరండాలో బెంచీల మీద ఆడవాళ్లు, చేతుల్లో కార్డులు, పక్కన అమ్మో అత్తో. గేటు బయట చెట్టు కింద, బైకుల మీద మగవాళ్లు. భార్యను దించుతారు, మందుల చీటీ వస్తే కొనిస్తారు, ఎక్కించుకుని వెళ్తారు. ప్రేమ లేక కాదు, ప్రేమ లేనివాడు అంతసేపు ఎండలో కాచుకోడు. లోపల తమకూ పని ఉందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

కాన్పుల వార్డులో ఇన్నేళ్లు పనిచేశాక నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. కడుపులో బిడ్డ మీద తండ్రికి మమకారం కలగాలంటే అతనికి పని అప్పజెప్పాలి. చేతులు పనిలో పడితే మనసు దానంతటదే వెంట వస్తుంది.

మన ఇళ్లలో గర్భిణి భర్తకు చేయకూడనివి చాలానే చెబుతారు. కొబ్బరికాయ కొట్టకూడదు, శవాన్ని మోయకూడదు, ఇంటికి శంకుస్థాపన చేయకూడదు. చేయవలసినవి మాత్రం ఎవరూ చెప్పరు. పాత గృహ్యసూత్రాల్లో సీమంతం భర్త చేతి మీదుగా జరిగే క్రతువు. ఏదుపంది ముల్లుతో, మేడికాయల గుత్తితో భార్య పాపిట తీసేది అతనే. ఇప్పుడు ఆ వేడుకలో గాజులు తొడిగేది ముత్తయిదువలు, భర్త క్యాటరింగ్ వాళ్లతో మాట్లాడుకుంటూ కనిపిస్తాడు. ఆ తర్వాత ఆమె పుట్టింటికి వెళ్తుంది. అమ్మ దగ్గర దొరికే విశ్రాంతిని నేను తక్కువ చేయను. అయితే పరీక్ష ఉన్న రోజున అల్లుడు అక్కడికీ రావాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లోనైనా డాక్టరుతో మాట్లాడాలి.

మొన్నామధ్య ఒక బోరుబండి డ్రైవరును లోపలికి పిలిచాను.

"నేనెందుకు మేడమ్, మా అమ్మ ఉంది కదా?" అన్నాడు.

"బిడ్డకు నాన్నవి నువ్వు, రావయ్యా" అని, ముందు ఆ అమ్మాయి వైపు చూశాను. నవ్వి తలూపింది.

ఎనిమిదో నెల. అతని అరచేతిని ఆమె పొట్టకు ఎడమవైపు ఆనించాను. గట్టిగా, సాపుగా తగిలింది బిడ్డ వీపు. కుడివైపు చిన్న చిన్న బుడిపెలుగా కాళ్లూ చేతులూ. కింద, గుండ్రంగా, కదిపితే అటూ ఇటూ ఊగేది తల. డాప్లర్ పెట్టగానే గుండె చప్పుడు గదంతా వినిపించింది. "ఇంత స్పీడేంటి మేడమ్?" అని కంగారుపడ్డాడు. నిమిషానికి 110 నుంచి 160 దాకా మామూలేనని చెప్పాను. ఇంజను చప్పుడును బట్టి లోపం పట్టేసే మనిషి కదా, తల వంచి చాలాసేపు విన్నాడు. తర్వాతి పరీక్షకు కార్డు అతని చేతిలోనే ఉంది. "భోజనం అయ్యాక బాగా తంతోంది మేడమ్" అని అతనే మొదలుపెట్టాడు.

ఆ మాట విలువ మాకు తెలుసు. ఏడో నెల దాటాక, ఎడమవైపు తిరిగి పడుకుని గమనిస్తే రెండు గంటల్లో పది కదలికలైనా తెలియాలి. తగ్గాయని భార్య అన్నప్పుడు, రోజూ పొట్ట మీద చెయ్యి వేసి చూసే మగవాడు "తెల్లారాక చూద్దాంలే" అనడు.

మాత్రల సంగతీ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. వికారం వస్తోందనో, విరేచనం నల్లగా అవుతోందనో మధ్యలో మానేస్తారు. టీతో వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి. రాత్రి భోజనమయ్యాక ఆ మాత్రా, గ్లాసుడు నీళ్లూ, రెండు జామకాయ ముక్కలూ భార్య చేతికి ఇవ్వడం భర్త పనిగా పెట్టుకోవచ్చు.

అతని రక్తంతోనూ మాకు పని ఉంది. భార్యది నెగటివ్ గ్రూపయితే భర్త గ్రూపు తెలియాలి, దాన్ని బట్టే 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ సంగతి చూస్తాం. ఆమెలో సికిల్ సెల్ లక్షణం ఉంటే అతనికీ పరీక్ష చేయాలి. మన్యం ప్రాంతాల్లో ఇది మరీ ముఖ్యం.

ఇక కడుపులో బిడ్డతో మాట్లాడటం. అభిమన్యుడి కథ విని పెరిగినవాళ్లం కనుక ఇది మనకు తొందరగా నచ్చుతుంది. గర్భసంస్కారం పేరుతో ఫీజులు కట్టించుకునే క్లాసులూ వచ్చాయి. అమెరికాలో డికాస్పర్, ప్రెస్కాట్ 1984లో అచ్చువేసిన పరిశోధనలో రెండు రోజుల పసికందులు తండ్రి గొంతునూ మరో మగగొంతునూ వేరుగా గుర్తించారు కానీ, తండ్రి గొంతే కావాలని మొగ్గలేదు. అమ్మ గొంతు మీద మొగ్గు ఉందని 1980లోనే తేలింది. అయినా మాట్లాడమనే చెబుతాను. రోజూ ఆ పొట్ట దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేవాడు పుట్టబోయే మనిషిని తలుచుకోవడం మొదలుపెడతాడు. భార్య కాళ్ల వాపు అతని కంట పడుతుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. భర్తను ఎంత ఆదరంగా పిలిచినా, భార్యతో ఒంటరిగా మాట్లాడే అయిదు నిమిషాలు మేము వదులుకోకూడదు. ఇంట్లో దెబ్బలు తినే అమ్మాయి అతని ముందు నోరు విప్పదు. అతను లోపలికి రావాలో వద్దో చెప్పవలసింది ఆమే.

నొప్పుల సమయంలో తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. చాటు ఉన్నచోట భర్తకూ అనుమతి ఉంది. ఆ చాటు కోసం కావలసింది మంచాల మధ్య తెర. మరి సెలవో? 2017 సవరణతో తల్లికి ప్రసూతి సెలవు 26 వారాలైంది, ఆ చట్టంలో తండ్రికి ఒక్క రోజూ లేదు. ప్రభుత్వోద్యోగికి 15 రోజులున్నా, అది సాధారణంగా కాన్పు ముందూ వెనకా వాడుకునేదే. నాలుగు పరీక్షలకు నాలుగు పూటలైనా జీతం కోత లేకుండా ఇవ్వాలి.

రోజుకూలికి పోయేవాడికి ఆ సెలవూ అక్కరకు రాదు. అతని కోసం నెలకొక రోజు సాయంత్రం ఆరు తర్వాత గర్భిణుల ఓపీ తెరవాలి. మా మండలంలో నేను అడుగుతున్నది అదే. ఆ పూట కూర్చోవడానికి నేను సిద్ధం.