బొమ్మ కుమ్మరి ధర చెప్పడు

మీ పిల్లలను చూడవచ్చి మాదాపూరులో నాలుగు దినములు నిలిచినయెడల, వారు మిమ్మును శిల్పారామమునకు తీసికొనిపోవుదురు. 1992లో ఏర్పడిన ఆ స్థలములో పల్లె బ్రదుకును చూపు ప్రదర్శనశాల గలదు. పూరియిండ్లు, పనిలోనున్న చేతిపనివారి నిలువెత్తు బొమ్మలు. చూచుటకు ముచ్చటగానే యుండును. అయితే దానిని చూచుట వేరు, చదువుట వేరు.

రోలా బార్త్ అను ఫ్రెంచి విమర్శకుడు 1957లో "మిథాలజీస్" అను గ్రంథము ప్రచురించెను. సబ్బుపొడి, ద్రాక్షారసము, కుస్తీపోటీ, ఇట్టి నిత్యము కంటబడు సంగతులనే ఆయన పుస్తకమువలె చదివెను. మనుష్యులు కల్పించినది సృష్టిసహజమువలె కనబడు మాయను బయటపెట్టుటయే ఆయన పని.

ఆ కన్నుతో బొమ్మ కుమ్మరిని చూడుడి. అతనికి అప్పు లేదు. ఊరిబావిలో ఎవరు చేదవచ్చును, ఎవరు దూరముగా నిలువవలెను అను మాట అక్కడ పుట్టదు. లోహపు బిందెలు వచ్చి కుండల అమ్మకము తగ్గినప్పుడు అతని కొడుకు ఏ పట్టణమునకు పోయెనో బొమ్మ చెప్పదు. సమీపముననే 1998లో తెరచిన సైబర్ టవర్స్ నిలిచియున్నది. ఇది గతము, అది రాబోవు కాలము అని ఆ రెండును కలిసి మనతో చెప్పుచున్నవి. మరి మీ పల్లె యెక్కడ? మీరింకను దున్నుచు, నేయుచు, ఫీజులు కట్టుచుండగానే మిమ్మును గతములో కూర్చుండబెట్టినారు!

ఇది పడమటి దేశపు దిగుమతి చదువని కొందరందురు. గుర్రం జాషువా 1941లో వెలువరించిన "గబ్బిలం" చూడుడి. కాళిదాసు కావ్యములో యక్షుడు ప్రియురాలికి మేఘమును దూతగా పంపెను. జాషువా కావ్యములో అంటరానివాడు గబ్బిలమును శివుని యొద్దకు పంపును. గబ్బిలమే ఎందుకు? అది గుడిలోపల వ్రేలాడగలదు; అతడు ఆ గడప దాటరాదు. దూతను మార్చుటతోనే, పాత కావ్యమార్గములో చోటు దొరకనివాడెవడో కవి చూపెను. అంతకంటె పదునైన విమర్శ నేనెరుగను. పైగా ఆయన ఆ మార్గమును ద్వేషింపలేదు, దాని సొగసును తనదిగా చేసికొనెను. సిద్ధాంతము నేర్చి ప్రతిదానిని అనుమానించుటయే పాండిత్యమనుకొనువారు ఇది గమనింపవలెను.

బొమ్మలు చూచిన పిమ్మట అంగళ్లవైపు నడువుడి. అక్కడ సజీవులైన చేతిపనివారు సరకు పరచుకొని, బేరమాడువారితో వాదించుచుందురు. ఏ ఊరినుండి వచ్చితిరి, మీ పిల్లలు ఈ పని నేర్చుచున్నారా అని వారినడుగుడి.