ముత్తాతకు ముందు ఎవరు?

వాడరేవు నుంచి చీరాల మీదుగా పర్చూరు వైపు వెళితే ఇసుక నేల దాటాక నల్లరేగడి మొదలవుతుంది. ఆ పత్తి, మిరప ఊళ్లలో ఎవరినడిగినా తాత పేరు చెబుతారు. ముత్తాత దగ్గర తడుముకుంటారు. ఆపైన చాలామంది ఆగిపోతారు.

ఫ్రాన్సు పల్లెవాసికి ఆ ఇబ్బంది తక్కువ. 1539లోనే అక్కడి రాజు బాప్తిస్మాలను చర్చి పుస్తకంలో రాయించమని శాసించాడు కాబట్టి కూలివాడి బిడ్డ పేరూ కాగితం మీదికెక్కింది. మన దగ్గర వంశాన్ని మోసింది ముందుగా నోరు. కన్యాదానం వేళ పురోహితుడు ఇరువైపులా గోత్రం చెప్పి, ఫలానావారి మునిమనుమడు, మనుమడు, కుమారుడు అని వరుసగా చదువుతాడు. ఒక్క పెళ్లిలో రెండు ఇళ్ల నాలుగేసి తరాలు దొరుకుతాయి. తల్లి తద్దినంలోనైతే తల్లి, నాయనమ్మ, నాయనమ్మ అత్తగారి పేర్లు పలకాలి. ఆడవాళ్ల పేర్లు నిలిచిన చోట్లు మన సంప్రదాయంలో బహు తక్కువ. అందుకే ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్లుండగానే రాసిపెట్టుకోవాలి.

ఇంకా లోతుకు తీసుకెళ్లేవారు పిచ్చిగుంట్లవారు. ప్రభుత్వ జాబితాలో ఇప్పుడు వారి పేరు వంశరాజ్. పంటలు ఇళ్లకు చేరే రోజుల్లో తమకు హక్కున్న రైతుల వాకిళ్లకు వచ్చి గోత్రం చెబుతారు, ఇంటిపేరు చెబుతారు, మూలపురుషుడు ఏ ఊరివాడో, అక్కడి నుంచి ఏ ఊరికి కదిలారో, ఏ కొమ్మ ఎటు చీలిందో వరుస తప్పకుండా పాడతారు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్న విద్య ఇది. గింజలిచ్చే ఇంటిని పొగడటం వృత్తి ధర్మం కనుక రాజులతో కలిపే చుట్టరికాలను నేను నమ్మను. ఊళ్ల వరుసను మాత్రం నమ్ముతాను. వలస దారిని అలా గుర్తుపెట్టుకున్న దస్తావేజు మరొకటి నాకు తెలియదు. వీళ్లను యాచకులుగా మాత్రమే చూసి మనం చాలా పోగొట్టుకున్నాం.

విన్నదాన్ని కాగితంతో సరిచూడాలి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల తరం విడిచి తరం అదే వెంకయ్య వస్తాడు. తండ్రి పేరు జతచేయకపోతే ఇద్దరూ ఒకరైపోతారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ సేకరించిన గ్రామ కైఫియత్తుల్లో, అంటే ఊరి చరిత్రల్లో, ఊరు ఎలా పుట్టిందో, కరణీకం మిరాశీ (వారసత్వ హక్కు) ఏ ఇంటిపేరు, ఏ గోత్రం వారిదో కనిపిస్తుంది. సామాన్య కుటుంబాలకు అంతకన్నా పనికొచ్చేవి 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు. మాన్యం మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు అతనికి ఏమవుతాడు, వయసెంత అని వాటిలో రాశారు. మంగలి, కుమ్మరి వంటి వృత్తి మాన్యాలూ వాటిలో ఉన్నాయి.

ఏ జిల్లా కాగితాల్లో వెతకాలో ముందే తెలియాలి. చీరాల ప్రాంతం 1859లో గుంటూరుతో పాటు కృష్ణా జిల్లాలో కలిసింది, 1904లో మళ్లీ గుంటూరులోకి వచ్చింది, 1970లో ఒంగోలు జిల్లాకు, 2022లో బాపట్లకు మారింది. 1832-33 నాటి డొక్కల కరువు ఇంకా పెద్ద అడ్డు. గుంటూరు జిల్లాలోని ఐదు లక్షల జనంలో లక్షన్నర మంది పోయారని అంచనా. వంశవృక్షం సరిగ్గా అక్కడ తెగితే ఆశ్చర్యపోనక్కరలేదు.

భూమి లేనివారి మాటేమిటి? మాల, మాదిగ కుటుంబాల పేర్లు కరణం లెక్కల్లో అరుదు. వారిలో క్రైస్తవులైనవారి పేర్లు మాత్రం సంఘాల పుస్తకాల్లో దొరకవచ్చు. గుంటూరుకు 1842లో లూథరన్ మిషన్ వచ్చింది. ఒంగోలు బాప్టిస్టు మిషన్ వారు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ సంఘాల పాత బాప్తిస్మ పుస్తకాలు ఎక్కడ మిగిలినా వాటిని చెదలకు వదలకూడదు. ఫ్రాన్సు పల్లె రిజిస్టరుకు మన సీమలో అతి దగ్గరి వస్తువు అదే.

వాడరేవు మత్స్యకారులకు మాన్యమూ లేదు, పట్టా కూడా అరుదే. అక్కడ పెళ్లిళ్ల గురించి అడగాలి. అవ్వను ఏ రేవు నుంచి తెచ్చుకున్నారు, ఆమె మేనమామలు ఎక్కడ పడవ కట్టారు, ఆడపిల్లల్ని ఏ ఊళ్లకిచ్చారు అని. తీరం వెంట ఆ ఊళ్లను ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకుంటూ పోతే కుటుంబం కదిలిన దారి కొంత దొరుకుతుంది.