తీగెల వెనుకనున్న శిల్పము: ఎ. లలితగారి జీవితకథను గూర్చి ఒక విమర్శ

జీవితచరిత్ర విద్యార్థికి రెండు విధముల ఉపకరింపవలెను. చదివిన వారికి ధైర్యము కలుగవలెను. అంతతో ఆగక, ఆ వ్యక్తి తన జీవితమును ఏ పనిలో గడిపినారో, ఆ పనిలో కష్టమెక్కడ ఉన్నదో, నేర్పు ఎక్కడ ఉన్నదో కొంతయైన తెలియవలెను. మన పాఠశాలల గోడపత్రికలలోను, వేదికల మీదను చెప్పే కథలు మొదటి పనిని చక్కగనే చేయుచున్నవి. రెండవ పని మాత్రము తరచు మిగిలిపోవుచున్నది. స్త్రీల జీవితచరిత్రలలో ఈ లోపము మరింత ఎక్కువ. “తొలి మహిళ” అని ఒక బిరుదు నిచ్చి, ఆమె పడిన కష్టములు చెప్పి, పట్టా పుచ్చుకొన్న నాటితో కథను ముగింతురు. తరువాత ఆమె చేసిన పని ఏమిటని పిల్లలు అడిగితే సమాధానముండదు.

భారతదేశములో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరైన అయ్యలసోమయాజుల లలితగారి కథ ఇందుకు మంచి ఉదాహరణము. ఆమె తెలుగు ఇంటి ఆడపడుచు. ఆమె కథను మనము చెప్పుకొనే తీరు సరిగా ఉన్నదా అని విచారించుటే ఈ వ్యాసము ఉద్దేశము.

కనబడే కట్టడము, కనబడని కట్టడము

ముందుగా ఒక పోలిక చూతము. మన దేశములో వాస్తుశిల్పమున పట్టము పొందిన తొలి మహిళగా పెరిన్ మిస్త్రీ పేరు చెప్పుదురు. ఆమె బొంబాయిలోని సర్ జె. జె. విద్యాలయములో చదివి 1936లో డిప్లొమా పొందినారు. తండ్రిగారి సంస్థలో చేరి భవనములకు రూపకల్పన చేసినారు. వాస్తుశిల్పికి ఒక సౌకర్యమున్నది. ఆమె పని వీధిలో నిలిచి ఉండును. దానిని వేలితో చూపి “ఇది ఆమె కట్టించినది” అని చెప్పవచ్చును. బాగున్నదో లేదో చూచినవారు విమర్శింపవచ్చును.

విద్యుత్ ఇంజనీరుకు ఆ సౌకర్యము లేదు. సరూర్‌నగర్ వైపు నున్న పాఠకులు ఈ భేదమును రోజూ చూచుచునే ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి. నగర్ వరకు 2018లో మెట్రోరైలు వచ్చినది. స్తంభములు, స్టేషనులు, పైకప్పులు అందరి కంటబడును. ఆ బండిని నడిపించునది మాత్రము పైనున్న తీగెలో పారే 25,000 వోల్టుల విద్యుత్తు. దానిని ఎక్కడి నుండి తేవలెను, ఎక్కడ తగ్గింపవలెను, తీగె తెగిపడితే ఎంతలో ఆపవలెను అని ఆలోచించి గీసిన పటములు ఎవరికిని కనబడవు. అదియును కట్టడమే, కాని కనబడని కట్టడము. లలితగారిది అటువంటి శిల్పము. కనుక ఆమె పనిని వేలితో చూపలేము, వివరించి చెప్పవలెను. ఆ వివరించుటలోనే మన రచయితలు బద్ధకించినారు.

జీవిత సంగ్రహము

లలితగారు 1919 ఆగస్టు 27న మద్రాసులో జన్మించినారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యులు. 1934లో లలితగారికి 15వ ఏట వివాహమైనది. 1929 నాటి శారదా చట్టము ప్రకారము బాలికలకు వివాహమునకు కనీస వయస్సు 14 సంవత్సరములు. కనుక ఇది ఆనాటికి చట్టమునకు లోబడినదే. పెండ్లి తరువాత కూడ పదవ తరగతి వరకు చదువు సాగినది. 1937లో కుమార్తె పుట్టినది. బిడ్డకు నాలుగు నెలలైన నిండకమునుపే భర్త మరణించినారు. అప్పటికి ఆమె వయస్సు 18 సంవత్సరములు.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించి అప్పటికి అర్ధశతాబ్ది దాటినను, వితంతువులను ఇంటి మూలకు నెట్టే ఆచారము పోలేదు. లలితగారు పుట్టింటికి చేరి, క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెటు మొదటి తరగతిలో ప్యాసైనారు. వైద్యవిద్య ఆనాడు స్త్రీలకు తెరచియున్న దారి. అయినను, వేళకాని వేళ పసిబిడ్డను విడిచిపోవలసి వచ్చునని ఆమె దానిని కోరలేదు. వేళ ప్రకారము జరిగే ఉద్యోగము కావలెనని ఇంజనీరింగును ఎన్నుకొన్నారు.

గిండీలో అంతవరకు స్త్రీలు చదువలేదు. ప్రిన్సిపాలు చాకోగారు, విద్యాశాఖాధిపతి స్టాథామ్‌గారు అంగీకరించిన మీదట 1940లో ఆమెకు ప్రవేశము దొరకినది. వందలాది పురుష విద్యార్థుల నడుమ ఆమె ఒక్కరే. మరుసటి సంవత్సరము సివిల్ ఇంజనీరింగులో పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి చేరినారు. యుద్ధకాలమున చదువు గడువును కుదించినందువలన ముగ్గురును ఒకేసారి బయటికి వచ్చినారు. 1943లో లలితగారి చదువు పూర్తియైనది. పట్టాలో పురుషవాచకముగ అచ్చువేసిన పదమును కొట్టివేసి స్త్రీవాచకమును చేతితో వ్రాసినారు.

సాధారణముగ మనము వినే కథ ఇక్కడికి ముగియును. కొట్టివేసిన ఆ ఒక్క పదము మీద చప్పట్లు మ్రోగును. కాని లెక్క చూడుడు: కళాశాలలో గడిపినవి 3 సంవత్సరములు, తరువాత ఉద్యోగములో గడిపినవి 30కి పైగా. మూడేండ్ల కథకు మూడు పుటలు, ముప్పదియేండ్ల కథకు మూడు వాక్యములు అయినచో, ఆ చరిత్ర తూకము తప్పినట్లే.

ముప్పదియేండ్ల పని

ఆమె జమాల్‌పూర్ రైల్వే కర్మాగారములో ఒక సంవత్సరము శిక్షణ పొంది, 1944లో సిమ్లాలోని కేంద్ర ప్రమాణ సంస్థలో ఇంజనీరింగు సహాయకురాలుగా చేరినారు. లండను ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థవారి పరీక్షను కూడ పూర్తిచేసినారు. కొంతకాలము తండ్రిగారి పరిశోధనలలో తోడ్పడినారు. విద్యుత్తుతో పనిచేసే ఒక వాద్యము, పొగరాని పొయ్యి అందులోనివి. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ సంస్థలో ప్రవేశించి, 1977లో విరమించువరకు ఆ ఉద్యోగములోనే ఉన్నారు. ప్రసారమార్గముల రూపకల్పన, సబ్‌స్టేషనుల అమరిక, రక్షణసాధనములు, కాంట్రాక్టుల నిర్వహణ: ఇవి ఆమె పనులు. భాక్రా-నంగల్ ఆనకట్ట విద్యుత్ జనరేటర్ల పనిలో ఆమె పాల్గొన్నారు. ఈ మాటలను జాబితాగ చదివి వదలివేయక, ఒక్కొక్క దానిని విప్పి చూతము.

ప్రసారమార్గము: విద్యుచ్ఛక్తి పరిమాణము వోల్టేజి, కరెంటుల గుణకారము మీద ఆధారపడును. తీగెలో వేడిగా మారి వృథా అయ్యే శక్తి కరెంటు వర్గమునకు అనులోమానుపాతములో ఉండును. అదే శక్తిని అదే తీగె మీద 11 కిలోవోల్టులకు బదులు 132 కిలోవోల్టులతో పంపితే కరెంటు 12వ వంతు అగును. నష్టము 144వ వంతు అగును. అందుకే దూరప్రాంతములకు ఎక్కువ వోల్టేజి. కాని వోల్టేజి పెరిగినకొద్ది తీగెకు, గోపురమునకు, నేలకు మధ్య ఎడము పెరుగవలెను. ఎండకు తీగె సాగి క్రిందికి వ్రేలాడును, చలికి బిగిసిపోవును. మరీ వదులుగ కట్టితే వేసవిలో నేలకు దగ్గరగును. మరీ బిగించి కట్టితే చలికాలమున తెగును. గోపురముల ఎత్తు, వాటి నడిమి దూరము, తీగె మందము అన్నియు ఒకదానితో నొకటి ముడిపడి ఉన్నవి. ఒక అంకె మారితే మిగిలినవి మారవలెను.

సబ్‌స్టేషను అమరిక: ఎక్కువ వోల్టేజితో వచ్చిన విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించి నాలుగు దిక్కులకు పంచే చోటు ఇది. ఇంటి నమూనా గీయువారు గది నుండి గదికి మనిషి నడకను ఆలోచించినట్లు, ఇక్కడ విద్యుత్తు నడకను ఆలోచింపవలెను. అంతేకాదు, మరమ్మతు చేయువాని ప్రాణమును కూడ ఆలోచింపవలెను. కరెంటు పారుచుండగ దానిని ఆపుటకు సర్క్యూట్ బ్రేకరు. ఆగిన తరువాత ఆ భాగమును పూర్తిగ వేరుచేయుటకు ఐసోలేటరు. ఈ వరుస తప్పితే పెద్ద మంట లేచును. ఏ సాధనము ఎక్కడ ఉంచితే పనివాడు వరుస తప్పకుండునో, ఒక భాగము ఆపినను తక్కిన ఊరికి ఎట్లు విద్యుత్తు అందునో పటములోనే నిర్ణయింపవలెను.

రక్షణసాధనములు: చెరువు క్రింద ఒక పిల్లకాలువకు గండి పడినదనుకొనుడు. ఆ కాలువ తలుపు వేయవలెను గాని చెరువు తూమునే మూయరాదు. మూసితే ఆయకట్టంతయు ఎండును. విద్యుత్ వ్యవస్థలోను అంతే. దోషమున్న భాగము ఒక్కటే, అదియును క్షణములో, విడిపోవలెను. రిలే అనే సాధనము హెచ్చు కరెంటును గుర్తించి దగ్గరి బ్రేకరును తెరపించును. అది పనిచేయనిచో కొంచెము ఆలస్యముగ దాని వెనుకది తెరచుకొనవలెను. ఈ కాలవ్యవధులను సరిగ కుదుర్చుట చాల ఓర్పుతో చేయవలసిన లెక్క.

జనరేటర్లు: సట్లెజ్ నదిపై 226 మీటర్ల ఎత్తున కట్టిన భాక్రా ఆనకట్టను 1963లో నెహ్రూగారు జాతికి అంకితము చేసినారు. ఆవిరియంత్రములవలె జలయంత్రములు వేగముగ తిరుగవు. సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తు రావలెనన్న, రెండు అయస్కాంత ధ్రువముల యంత్రము నిమిషమునకు 3,000 చుట్లు తిరుగవలెను. 40 ధ్రువములున్నచో 150 చుట్లు చాలును. అందుచేత జలవిద్యుత్ జనరేటరు చాల వెడల్పుగ, బరువుగ ఉండును. అట్టి యంత్రములను ఒక దేశమునకు అమర్చిపెట్టు పనిలో భాగస్వామి కావడము చిన్న విషయము కాదు. కుమార్తెను పెంచుచు, బంధువుల తోడ్పాటుతో, ఆమె ఈ పనిని సాగించినారు.

కథలో మూడు లోపములు

ఇప్పుడు వాడుకలోనున్న కథను విమర్శింతము. మొదటి లోపము పైన చెప్పినదే: పట్టా దగ్గర ఆగుట. పట్టా తలుపు వంటిది. ఇల్లు తలుపుకు ఆవల ఉన్నది.

రెండవది, కష్టమునే కారణముగ చూపుట. వైధవ్యము వచ్చినది గనుక ఇంజనీరైనది అన్నట్లు కథ సాగును. అదే వయస్సున అదే దుఃఖము పొందిన వేలమంది స్త్రీలకు ఆ అవకాశము రాలేదు. లలితగారికి ఆచార్యుడైన తండ్రి ఉన్నారు. సమ్మతించిన ప్రిన్సిపాలు, అధికారి ఉన్నారు. బిడ్డను చూచుకొనే బంధువులు ఉన్నారు. ఈ మాట చెప్పినందువలన ఆమె గొప్పతనము తగ్గదు. పట్టుదలకు తోడు తలుపు తెరచే చేయి కూడ కావలెనని తెలియును. తరగతిలో కూర్చున్న బాలికకు “నీవు కష్టపడు” అని మాత్రమే చెప్పి ఊరకుండే పెద్దలు తమ బాధ్యతను తప్పించుకొన్నవారగుదురు.

మూడవది, “తొలి” అనే మాటతో ఆమెను ఒంటరిని చేయుట. ఆమె వెనుకనే ఇద్దరు వచ్చినారు. వారిలో త్రేసియాగారు 1971లో కేరళ ప్రభుత్వ నిర్మాణశాఖకు చీఫ్ ఇంజనీరైనారు. లలితగారు లండను సంస్థలో 1953లో అసోసియేటు సభ్యురాలుగాను, 1966లో పూర్తి సభ్యురాలుగాను ఎన్నికైనారు. 1964లో న్యూయార్కులో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశమునకు స్వయముగ వెళ్లినారు. ఆమె పుట్టిన 1919లోనే బ్రిటనులో స్థాపితమైన మహిళా ఇంజనీర్ల సంఘములో 1965లో చేరి, 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండవ సమావేశమునకు భారత ప్రతినిధిగ వ్యవహరించినారు. ఇది ఒంటరి కథ కాదు. తన వెనుక వచ్చువారికి దారి విశాలము చేసిన కథ.

ఒక హెచ్చరిక కూడ అవసరము. పనిని చెప్పవలెనన్న ఉత్సాహముతో లేని గొప్పలు అంటగట్టరాదు. ఆ లండను సంస్థకే 1899లో తొలి మహిళా సభ్యురాలైన హెర్తా ఎయిర్‌టన్ విద్యుత్ చాపదీపముపై పరిశోధన చేసిన శాస్త్రజ్ఞురాలు. లలితగారు ఆ కోవకు చెందరు. ఆమె వృత్తి ఇంజనీరు: ఇతరులు కనుగొన్న సూత్రములను తప్పులేని పటములుగ మార్చి, యంత్రములను పనిచేయించే వర్గము. భాక్రా ఆమె ఒక్కరి పని అని చెప్పుట ఎంత తప్పో, ఆమె పని లెక్కలోనికి రాదనుట అంతే తప్పు. దేశమునకు పరిశోధకులు కొందరు చాలును. ఇట్టి వృత్తినిపుణులు వేలమంది కావలెను. ఆ దృష్టితో చూచినచో విద్యార్థికి ఆమె జీవితము మరింత దగ్గరి ఆదర్శము.

ఉపాధ్యాయులకు ఒక సూచన

లలితగారు 1979 అక్టోబరు 12న, తమ 60వ ఏట మరణించినారు. ఆమెను గూర్చి పాఠము చెప్పదలచిన ఉపాధ్యాయులు ఆమె పటముతో మొదలుపెట్టక, పాఠశాల వీధిలోని ట్రాన్స్‌ఫార్మరుతో మొదలుపెట్టవచ్చును. దానిలోనికి వచ్చే తీగెలెన్ని, పోయేవెన్ని అని దూరమునుండి, కంచె ముట్టుకొనకుండ, విద్యార్థులచే లెక్కింపజేయుడు. 11,000 వోల్టులు ఇంటికి వచ్చేసరికి 230 ఎట్లగునో అడుగుడు. ఎక్కువ వోల్టేజితో నష్టమెందుకు తగ్గునో పై లెక్కను నల్లబల్ల మీద చేయించుడు. తరువాత, “ఇటువంటి పటములను ముప్పది యేండ్లు గీసిన తెలుగామె ఒకరున్నారు” అని చెప్పుడు. అప్పుడు పిల్లలకు ఆమె కష్టముతోపాటు, ఆమె తెలివియు తెలియును. కష్టమునకు జాలిపడుదురు, తెలివిని మాత్రము నేర్చుకొందురు.