నలుగుపిండి వెనుక చేతి పని

నలుగుకు కావలసిన సరుకు జగిత్యాల జిల్లాలో ఇంటి గుమ్మం ముందే పండుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి చుట్టూ పసుపు చేలు. శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళ కింద నువ్వులు. ఆ నువ్వుల మీద పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం ఏళ్ళుగా పనిచేసి కొత్త రకాలు ఇచ్చింది. చేతికి అందేవన్నీ కలిపి దంచడం ఎవరికైనా తేలికే. నన్ను కట్టిపడేసేది, చేయి తిరిగిన ఆడవాళ్ళు వేటిని పక్కన పెడతారన్నది.

మొటిమ పుట్టేది రోమకూపంలో. అక్కడ ఊరే జిడ్డు, రాలే చర్మకణాలు కలిసి మూతి బిగుసుకుంటే కొమెడో (వైట్‌హెడ్ లేదా బ్లాక్‌హెడ్) అవుతుంది. పైన పూసే కొన్ని నూనెలు ఆ బిగింపుకు తోడవుతాయి. ఇలా సౌందర్య సాధనాల వల్ల వచ్చే మొటిమలకు 1972లో క్లిగ్‌మన్, మిల్స్ అనే అమెరికా పరిశోధకులు ‘ఆక్నె కాస్మెటికా’ అని పేరు పెట్టారు. 1989లో ఫుల్టన్ అనే పరిశోధకుడు సౌందర్య సాధనాల్లో వాడే పదార్థాలను కుందేలు చెవుల మీద పరీక్షించి 0 నుంచి 5 దాకా మార్కులు వేశాడు; మార్కు పెరిగేకొద్దీ రోమకూపం పూడే బెడద ఎక్కువ. కొబ్బరినూనెకు 4 పడ్డాయి. నువ్వులనూనె నడిమధ్యన నిలిచింది. అయితే కుందేలు చెవి మనిషి ముఖం కంటే తొందరగా పూడుకుంటుంది. 2006లో డ్రేలోస్, డినార్డో అనే పరిశోధకులు మనుషుల మీదే పరీక్షించి, చెడ్డ మార్కులు పడ్డ పదార్థం ఉన్నంత మాత్రాన తయారైన క్రీము మొటిమలు తెప్పించి తీరాలని లేదని చూపారు. ఎంత పాళ్ళలో కలిసింది, చర్మం మీద ఎంతసేపు నిలిచింది అన్నవీ లెక్కలోకి వస్తాయి. సీసా మీద ‘నాన్ కొమెడోజెనిక్’ (కొమెడోలు తెప్పించదు) అన్న అక్షరాలు చూసి నిశ్చింతగా ఉండలేం.

ఇక నలుగు వరుస చూడండి. ముందు నువ్వులనూనె మర్దన, దాని మీద పెసరపిండి, శనగపిండి. పప్పుపిండి నూనెను పీల్చుకుంటుంది. అందులో కొద్దిగా ఉండే సాపోనిన్లు నీళ్ళు తగలగానే జిడ్డును వదిలిస్తాయి. ఒళ్ళు మెత్తబడుతుంది, నూనె మాత్రం ఎక్కువసేపు నిలవకుండా స్నానంతో వెళ్ళిపోతుంది. రాత్రంతా ముఖాన్ని అంటిపెట్టుకుని ఉండే క్రీముకు ఈ వీలు లేదు. అందుకే నాకు ఈ వరుస మీద ఇంత గౌరవం.

సరుకు ఎంచడంలోనూ అంతే పట్టింపు. పసుపు పొడిగా కొనరు, కొమ్ములే తెస్తారు. పొడిలో మెటానిల్ ఎల్లో అనే కృత్రిమ రంగు కలిసే బెడద ఉంది. కొమ్మును కూడా విరిచి లోపలి రంగు చూస్తారు, పైన పూసిన రంగు లోపలిదాకా దిగదు కనుక. పసుపు వేసేది కూడా చిటికెడే. బావంచ గింజల దగ్గర నాది గట్టి అభిప్రాయం: ముఖానికి వాడే పిండిలో అవి వద్దు. వాటిలోని సొరాలెన్ అనే పదార్థానికి ఎండ తోడైతే చర్మం కమిలిపోతుంది.

మిరపకాయలు పట్టిన వెంటనే గిర్నిలో ఈ పిండి పట్టించరు. పట్టించి తెచ్చాక జల్లెడతో సరిపెట్టరు. గిన్నె మూతికి పలుచని నూలుగుడ్డ వాసెన కట్టి, దాని మీద పిండి పోసి అరచేత్తో నెమ్మదిగా రాస్తారు. సిరిసిల్ల మరమగ్గాల మీద చీరలే కాదు, లంగాలకు వాడే నూలుగుడ్డ కూడా నేస్తారు. నాలుగు ఉతుకులు పడి గంజి పోయిన అలాంటి గుడ్డ దీనికి చక్కగా అమరుతుంది. గిన్నెలోకి దిగిన పిండిని వేళ్ళ మధ్య నలిపితే ఎక్కడా పలుకు తగలదు. పెసర పొట్టు, పసుపు రవ్వ గుడ్డ మీదే మిగిలిపోతాయి. ఆ రవ్వ ముఖం మీద గీసుకుంటే ఉన్న మొటిమ మరింత వాస్తుంది, కాబట్టి దాన్ని మడమలకు కేటాయిస్తారు. ఈ ఒక్క పనికే సగం పూట పడుతుంది. గిర్ని నుంచి తెచ్చింది తెచ్చినట్టే డబ్బాలో పోసుకునే వాళ్ళకు ఆ మెత్తదనం ఎన్నటికీ తెలియదు.

డబ్బాలో తడి చెంచా పెట్టనివ్వరు. ఏ పూటకు కావలసింది ఆ పూట నీళ్ళతో కలుపుకోవాలి. మొటిమలున్న పిల్లకైతే ముఖానికి నూనె, మీగడ రెండూ మాన్పించి పిండి ఒక్కటే ఇవ్వాలి. అదీ రుద్దకుండా అద్దుకుని, ఎండి బిగుసుకోకముందే కడుక్కోవాలి. ఎర్రబడి చీము పట్టిన మొటిమలకు మాత్రం ఈ డబ్బా మూత తీయకూడదు, చర్మవైద్యుడి దగ్గరికే వెళ్ళాలి.