క్లినికల్ సైకాలజీ పట్టాల మూల్యాంకనం: ప్రమాణంగా రోగి భాష

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయాల క్లినికల్ సైకాలజీ కోర్సులను గుర్తింపు, అధ్యాపకుల సంఖ్య, ఉపాధి అవకాశాలు అనే కొలమానాలతో అంచనా వేయడం పరిపాటి. ఇవి అవసరమైనవే కాని, చాలినవి కావు. సంభాషణే ప్రధాన సాధనమైన ఈ చికిత్సలో రోగి మాట్లాడే భాషలో శిక్షణ ఇవ్వడం కూడా ప్రమాణం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: క్లినికల్ సైకాలజీ, మూల్యాంకనం, మాండలికం, పడమటి మండలాలు.

1. ప్రవేశిక:
పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు ఉన్నత విద్య కొత్త కాదు. మదనపల్లెలో బీసెంట్ థియొసాఫికల్ కళాశాల 1915 నాటిది. ద్రావిడ భాషల అధ్యయనానికి 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కలికిరిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అయితే మనస్తత్వశాస్త్రం చదవదలచిన ఇక్కడి విద్యార్థి సాధారణంగా తిరుపతి వైపో, బెంగళూరు వైపో చూస్తాడు. మానసిక చికిత్స కోరే కుటుంబాల దారి కూడా అదే. కాబట్టి ఈ పట్టాల నాణ్యత విద్యార్థికీ రోగికీ సమానంగా సంబంధించిన విషయం.

2. గుర్తింపు - మొదటి ప్రమాణం:
పట్టా పేరులో ‘క్లినికల్’ అనే మాట ఉన్నంత మాత్రాన దానిని పొందినవారు క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇందుకు రెండు మార్గాలు చూపింది. ఒకటి, భారత పునరావాస మండలి ఆమోదించిన సంస్థ నుండి పొందిన క్లినికల్ సైకాలజీ అర్హత. రెండవది, సైకాలజీలో స్నాతకోత్తర పట్టాతోపాటు, పర్యవేక్షణలో వైద్య శిక్షణ ఉన్న రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. దీనికీ మండలి ఆమోదం ఉండాలి. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్. పట్టాను నిలిపివేసినా, క్లినికల్ సైకాలజీకి 2025-26 విద్యా సంవత్సరం వరకు మినహాయింపునిచ్చింది. 2025లో సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల నుండి తొలగించింది. ఈ మార్పులు తెలియని గ్రామీణ విద్యార్థి ప్రవేశ ప్రకటనను నమ్మి చేరితే, కాలమూ ధనమూ వెచ్చించిన తరువాత గాని తన పట్టా చెల్లుబాటు ఎంతో గ్రహించలేడు. అందువల్ల ఏ కోర్సును పరిశీలించినా ఆమోదమే తొలి ప్రశ్న.

3. శిక్షణ - రెండవ ప్రమాణం:
సిద్ధాంతాల బోధన తరగతి గదిలో సాధ్యం. రోగిని పలకరించి చరిత్ర రాబట్టడం, పరీక్షలు నిర్వహించడం, ఫలితాన్ని కుటుంబానికి వివరించడం అనుభవజ్ఞుల పర్యవేక్షణలోనే అలవడతాయి. మనోవైద్య విభాగంతో నిత్య సంబంధం లేని కోర్సు, ప్రయోగశాల లేని రసాయనశాస్త్రం వంటిదే. విద్యార్థి స్వయంగా ఎందరు రోగులను చూశాడు, ఆ పనిని ఎవరు సరిదిద్దారు అన్నవే ఇక్కడ అడగవలసిన ప్రశ్నలు.

4. భాష - విస్మృత ప్రమాణం:
రోగి తన బాధను పాఠ్యపుస్తక పరిభాషలో చెప్పడు. పడమటి మండలాల్లో వినిపించే నాలుగు మాటలు చూడవచ్చు. ‘బెంగ’కు సాధారణంగా ఒక మనిషో, ఒక చోటో ఆధారం, హాస్టల్లో చేరిన పిల్ల ఇంటి మీద బెంగపడుతుంది. ‘గుబులు’ జరగబోయేదాని గురించిన భయం. ‘దిగులు’కు కారణం చెప్పగలిగినా, చెప్పలేకపోయినా అది మనిషిని వదలదు. కన్నడ సీమలోనూ వాడుకలో ఉన్న ‘బేజారు’లో విసుగూ అలసటా కలిసి ఉంటాయి. ఈ నాలుగింటినీ ‘డిప్రెషన్’ అని నమోదు చేస్తే ఎడబాటు, ఆందోళన, విషాదం, విసుగు ఒకే గంపలో పడతాయి. రోగనిర్ధారణ తప్పుదారి పట్టే అవకాశం అక్కడే మొదలవుతుంది.

ఆంగ్ల పరిభాష వల్ల ప్రపంచ పరిశోధనతో సంబంధం నిలుస్తుందన్న వాదంలో బలముంది; దానిని వదులుకోనక్కరలేదు. తెలుగు పాఠ్యపుస్తకాలతో సమస్య తీరుతుందన్న వాదం మాత్రం నిలవదు. ‘ఉద్వేగం’, ‘అభ్యసనం’, ‘ప్రేరణ’ వంటి పారిభాషిక పదాలు బోధనకు ఉపకరిస్తాయే గాని, ‘తల దిమ్ముగా ఉంది’, ‘గాలి సోకింది’ అనే రోగి మాటను అర్థం చేసుకోవడానికి చాలవు. కావలసింది మాండలిక జ్ఞానం. రోగికి అర్థమయ్యే సరళమైన భాషలో సమాచారం ఇవ్వాలని 2017 చట్టంలోని 4వ సెక్షన్ నిర్దేశిస్తున్నందున, ఇది చట్టబద్ధమైన అవసరం కూడా.

పరిశోధనలోనూ ఈ లోటు కనిపిస్తుంది. నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వివిధ రుగ్మతల్లో చికిత్స అందనివారు 70 నుండి 92 శాతం వరకు ఉన్నారని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గాని, తెలంగాణ గాని లేవు. తెలుగువారు మనోవ్యథను ఏ మాటల్లో చెప్పుకొంటారో సేకరించే పని సైకాలజీ, తెలుగు శాఖలు కలిసి చేయదగినది. మూడు భాషల కూడలిలో భాషాశాస్త్ర, జానపద అధ్యయనాలకు నెలవైన కుప్పం విశ్వవిద్యాలయం ఇందుకు అనువైన స్థలం.

5. ముగింపు:
క్లినికల్ సైకాలజీ కోర్సు మూల్యాంకనంలో మూడు ప్రశ్నలు వరుసగా రావాలి: పట్టాకు చట్టబద్ధమైన ఆమోదం ఉందా? పర్యవేక్షణలో శిక్షణ జరుగుతోందా? విద్యార్థి రోగి మాటను రోగి అర్థంలోనే గ్రహించగలుగుతున్నాడా? మొదటి రెండింటికీ నియంత్రణ సంస్థలున్నాయి. మూడవదాని బాధ్యత విశ్వవిద్యాలయాలదే. అనువదించిన ప్రశ్నావళిని రోగి ముందు ఉంచడం వేరు, ‘బేజారుగా ఉంది సార్’ అన్నప్పుడు తరువాతి ప్రశ్న ఏది అడగాలో తెలియడం వేరు. ఆ తెలివిడిని పరీక్షించే విధానం పాఠ్యప్రణాళికలో చేరినప్పుడే మూల్యాంకనం సమగ్రమవుతుంది.