టెన్నిస్ యంత్రము, పులి-మేక: ఆటలను భద్రపరచుట

కొత్తగూడెం బొగ్గుగనుల ఊరు. అక్కడ ఒక బొగ్గుముక్క, ఒక నున్నని బండ, గుప్పెడు గులకరాళ్లు ఉంటే చాలు, పులి-మేక ఆటకు సామగ్రి సమకూరినట్లే. ఒక పద్ధతిలో పులులు 3, మేకలు 15. పులి మేక మీదుగా ఖాళీ స్థానానికి దూకి దానిని చంపుతుంది. పులికి కదలిక లేకుండ మేకలు చుట్టుముట్టవలెను. వాన కురిస్తే గీతలు పోతాయి. ఆట పోదు, తెలిసినవారు మరునాడు మళ్లీ గీస్తారు.

వీడియో ఆటలకు ఈ సౌకర్యం లేదు. 1958 అక్టోబరు 18న, అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలను చూడవచ్చిన ప్రజల కోసం విలియం హిగిన్‌బోతం అనే భౌతికశాస్త్రజ్ఞుడు "టెన్నిస్ ఫర్ టూ" అనే ఆటను ప్రదర్శించినాడు. 5 అంగుళాల ఆసిలోస్కోపు తెర మీద అడ్డగీత నేల, చిన్న నిలువుగీత వల, వెలిగే చుక్క బంతి. బంతి దారిని అనలాగ్ కంప్యూటరు లెక్కకట్టేది. ఆటగాడు చేతిలోని పెట్టెపై మర త్రిప్పితే కోణం మారేది. మీట నొక్కితే దెబ్బ తగిలేది.

ఆటగా దీనిలో లోపాలు లేకపోలేదు. ఆటగాళ్ల బొమ్మలు తెరపై లేవు. గెలుపోటముల లెక్కను యంత్రం చూపదు. అయినను, 1972లో వచ్చి ఎంతో ప్రసిద్ధికెక్కిన "పాంగ్" కంటె ఒక విషయంలో ఇదే మేలు. పాంగ్ బంతి సరళరేఖలో పోతుంది. దానికి బరువన్నదే లేదు. హిగిన్‌బోతం బంతి గురుత్వాకర్షణకు లోబడి వంగుతుంది, నేలను తాకి ఎగురుతుంది. 1959లో పెద్ద తెరతో మరల ప్రదర్శించినపుడు, చంద్రునిపైనా గురుగ్రహంపైనా ఆడుతున్నట్లు గురుత్వాన్ని మార్చే ఏర్పాటు కూడ చేసినారు. ప్రక్షేపకాల చలనాన్ని బోధించే ఉపాధ్యాయునికి ఇంతకన్న ఏమి కావలెను?

ఆ తరువాత యంత్రాన్ని విప్పి, భాగాలను ఇతర పనులకు వాడుకొన్నారు. ప్రయోగశాలను తప్పుపట్టుట న్యాయం కాదు. వారి దృష్టిలో అదొక వేడుక వస్తువు. తప్పుపట్టవలసినది చరిత్ర చెప్పేవారిని. "మొదటి వీడియో ఆట ఎవరిది?" అన్న వాదులాటలో పడి, కాగితంపై గీసిన వలయాలను కొద్ది వారాలలో యంత్రంగా కట్టిన సాంకేతికుడు రాబర్ట్ డ్వొరాక్‌ను వారు ఒక పంక్తిలో సరిపుచ్చుతారు, కొన్నిచోట్ల ఆ పంక్తి కూడ ఉండదు. 1997లో ప్రయోగశాల 50వ వార్షికోత్సవానికి ఆ యంత్రాన్ని తిరిగి కట్టబూనినపుడు పాత భాగాలు సులభంగా దొరకక, సుమారు మూడు నెలలు పట్టినది. చిత్రపటాలు మిగిలి ఉండబట్టి అదైనా సాధ్యమైనది.

వ్యాపార సరకుగా అమ్మిన ఆటల గతీ అంతంతమాత్రమే. 2010కి ముందు అమెరికాలో వెలువడిన వీడియో ఆటలలో నూటికి 87 అంగడిలో దొరకుట లేదని, వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన పరిశీలనలో తేలినది.

పులి-మేకకు విడిభాగాల బాధ లేదు గాని, దాని చిత్రపటం చాలవరకు పెద్దల జ్ఞాపకంలోనే ఉన్నది. పులులెన్ని, మేకలెన్ని, మేకలన్నిటినీ పెట్టక ముందే ఒకదానిని జరుపవచ్చునా అన్నవి ఊరూరికి మారుతాయి. కొత్తగూడెం విద్యార్థి తాతను అడిగి, ఆయనతో రెండు ఆటలాడి, గీతలను, నియమాలను ఒక కాగితంపై ఎక్కిస్తే అది డ్వొరాక్ ముందున్న వలయచిత్రం వంటిదే. కాగితం అడుగున తాత పేరు కూడ వ్రాయవలెను.